ఎర్ర రాయి, తెల్ల సున్నం: పాలమూరు నుంచి పాత గోవా దాకా

బుధవారం: పాలమూరు స్టేషన్, నడిగడ్డ

సికింద్రాబాద్ నుంచి వాస్కో పోయే రైలు మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది, గద్వాలలోనూ ఆగుతుంది. మధ్యాహ్నం ఎక్కితే తెల్లవారేసరికి గోవా. పాలమూరు జనానికి ఆ ఊరు కొత్తదేమీ కాదు. కోస్గి, నారాయణపేట, మక్తల్ దిక్కుల నుంచి మేస్త్రీలు, కూలీలు దేశమంతా కట్టుబడి పనులకు పోయినట్టే గోవాకూ పోతారు. ఈసారి ప్రయాణం మాత్రం పనికోసమూ కాదు, సముద్రం కోసమూ కాదు. పాత గోవాలో సే కతెడ్రల్ అని పెద్ద కతోలిక దేవాలయం ఉంది. నాలుగున్నర వందల ఏండ్ల కిందట పునాది పడిన ఆ గోడల్ని రాయి, సున్నం, కమాను లెక్కన చూసి రావాలన్నది ముచ్చట.

రైల్లో అమ్మేదాని మీద ఆధారపడొద్దు. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి నూరిన చింతపండు తొక్కు కట్టుకుంటే రాత్రికీ సరిపోతాయి. పులిహోర ఒక పూటకు మించి పెట్టుకోవద్దు, డబ్బాలో ఉక్కపోతకు పాడవుతుంది. వనపర్తి రోడ్డు దాటాక కృష్ణ, గద్వాల దాటి కర్నూలు ముందర తుంగభద్ర వస్తాయి. రెండు నదుల నడుమ నేలే నడిగడ్డ. ఇక్కడి పాత కట్టడాల్లో గట్టి రాతి బండలే కనిపిస్తాయి, అలంపురంలో అయితే ఎర్రటి ఇసుకరాయి. మన మేస్త్రీ చేతికి అలవాటైన రాయి ఉలి దెబ్బకు ఖంగుమంటుంది. రేపు చూడబోయేది అట్లాంటిది కాదు. భూమిలో ఉన్నప్పుడు గొడ్డలితో చెక్కేంత మెత్తగా ఉండి, తవ్వి తీసి గాలికి పెడితే గట్టిపడే రాయి. చీమల పుట్టను కోసి చూసినట్టు ఒళ్లంతా బొక్కలు. పేరు లాటరైట్, కొంకణిలో చిరే అంటారు.

గురువారం: రైబందర్ కట్ట మీదుగా సే దేవాలయానికి

మడ్‌గావ్‌లో దిగి పణజికి బస్సు పట్టుకుని, పొద్దున్నే గది చూసుకుని సంచీలు పడేయడం మేలు. పాత గోవా అక్కడికి పది కిలోమీటర్లే. దగ్గరి రైల్వే స్టేషన్ కర్మలి. అయితే మడ్‌గావ్ నుంచి అక్కడికి వేరే బండి పట్టుకోవాలి, అది మన రైలుకు కలిసిరాదు.

పణజి బస్టాండులో ఒక పొరపాటు జరిగింది, అందుకే చెప్పడం. "ఓల్డ్ గోవా" అని అరిచే ప్రతి బస్సూ ఒక్క దారిన పోదు. కొన్ని కొత్త హైవే మీద పోతాయి, కొన్ని రైబందర్ మీదుగా పోతాయి. మొదట ఎక్కింది హైవే బస్సు. కండక్టరుకు విషయం చెప్తే నవ్వి, రెండు స్టాపుల తర్వాత దించి, ఎదురు వైపు నిలబడమన్నాడు. ఇరవై నిమిషాలు పోయాయి, తలా ఓ ఇరవై రూపాయలు పోయాయి. కానీ రైబందర్ దారిని వదులుకోవద్దు. ఆ దారిలో వచ్చే కట్ట పేరు పోంతె ది లిన్హారిస్. 1633, 34 సంవత్సరాల్లో కట్టారు. మూడు కిలోమీటర్లకు పైగా చిత్తడి నేల మీద, ఉప్పు మళ్ల పక్కన, అదే లాటరైట్ రాయితో వేసిన కట్ట. ఇవాళ్టికీ దాని మీద బస్సులు పోతున్నాయి. సే దేవాలయాన్ని చూడబోయే ముందు ఈ రాయి ఎంత బరువు మోస్తుందో కాళ్ల కింద తెలుస్తుంది.

కతెడ్రల్ ముఖం తూర్పుకు ఉంది. తొమ్మిదింటి లోపల పోతే ఎండ నేరుగా ముఖం మీద పడి తెల్ల సున్నం మెరుస్తుంది, మధ్యాహ్నం దాటితే ముఖభాగమంతా నీడ. ఇది ఫోటోల కోసం మాత్రమే చెప్పే మాట కాదు. ఏటవాలు ఎండలో గిలాబు ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ అతుకు పడిందో స్పష్టంగా కనపడుతుంది.

పేరు సంగతి మొదట. పోర్చుగీసులో "సే" అంటే పీఠం, అంటే మేత్రాణులు (బిషప్పు) కూర్చునే ఆసనం. కతెడ్రల్ అన్న మాటకూ మూలం ఆసనమే. ఈ దేవాలయం అలెగ్జాండ్రియా పునీత కతెరినమ్మకు అంకితం. ఎందుకంటే పోర్చుగీసు సేనాని ఆఫోన్సో ద అల్బుకెర్క్ బీజాపూరు సుల్తాను సేనల నుంచి గోవాను గెలుచుకున్నది 1510 నవంబరు 25న, ఆమె పండుగ రోజున. ఆ ఏడే ఆమె పేర చిన్న గుడి వేశారు. 1534లో మూడవ పౌలు పాపుగారు (పోప్) గోవాను మేత్రాసనంగా, అంటే బిషప్పు ఉండే కేంద్రంగా చేశారు. ఇప్పుడున్న పెద్ద కట్టడానికి 1562లో పని మొదలైంది. మనవాళ్లకు గుర్తుండేటట్టు చెప్పాలంటే గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుతున్న కాలం, తళ్ళికోట యుద్ధానికి ఇంకా మూడేండ్లుంది. చార్మినార్ లేవడానికి ఇంకో ఇరవై తొమ్మిదేండ్లు పట్టింది. సే కట్టుబడి ముగిసింది 1619లో, ప్రతిష్ఠ 1640లో. లోపలి బలిపీఠాల పని 1652 దాకా సాగింది. లెక్కకు తొంభై ఏండ్లు. ఖర్చు పోర్చుగీసు రాజు ఖజానాది, రాజు ఆస్తులు అమ్మి తెచ్చిన సొమ్ము కూడా పోశారు. పునాది తవ్విన మేస్త్రీ పీఠం పూత చూసే వీలు లేదు, అతని మనుమడు చూసి ఉండాలి.

పొడవు 250 అడుగులు, వెడల్పు 181 అడుగులు. ముఖభాగం ఎత్తు 115 అడుగులు. అంకెలు చదివితే తెలియదు, తలుపు దగ్గర మనిషిని నిలబెట్టి గరిక మీద వంద అడుగులు వెనక్కి నడిచి చూడాలి. ముఖం మీద అలంకారం చాలా తక్కువ. తస్కన్ పద్ధతి, అంటే నున్నటి స్తంభాలు, గీతల్లేని దిమ్మెలు, మూడు తలుపులు, పైన కిటికీలు. ముఖానికి ఒక పక్కన ఖాళీ. అక్కడ ఒకప్పుడు రెండో గంటల బురుజు ఉండేది. 1776లో కూలింది, పిడుగు పడిందని చెప్తారు. మళ్లీ కట్టలేదు. కట్టకపోవడానికి కారణం వెదకడానికి దూరం పోనక్కర్లేదు. అప్పటికే తెగుళ్లకు, మలేరియాకు ఊరు ఖాళీ అవుతూ వచ్చింది, 1759లో వైస్రాయి నివాసం పణజికి మారింది. మనుషులు లేని ఊళ్లో రెండో బురుజు ఎవరికి? ఒంటి బురుజుతో ముఖం ఒక పక్కకు ఒరిగినట్టుండాల్సింది. కానీ కాసేపు చూస్తే కంటికి అదే అలవాటవుతుంది.

మిగిలిన బురుజులో బంగారు గంట ఉంది. పేరుకే బంగారం, ఆ పేరు నాదాన్ని బట్టి వచ్చింది. 1652లో దక్షిణ గోవాలోని కుంకొళ్లిలో పోత పోశారు. గోవాలో ఇంతకంటే పెద్ద గంట లేదు. ఈ గంట ముందరి మైదానానికి ఒక చేదు చరిత్ర ఉంది. 1560లో మొదలై 1812లో రద్దయిన మత విచారణ (ఇంక్విజిషన్, మతం తప్పారన్నవాళ్లను చర్చి విచారించి శిక్షించడం) కాలంలో, శిక్షలు చదివి వినిపించే రోజుల్లో ఇదే మోగేది. విచారణ భవనం దేవాలయం పక్కనే ఉండేది, ఇప్పుడు దాని గోడ కూడా లేదు. గరిక మీద పిల్లలు ఆడుకునే చోట ఈ సంగతి రాసిన పలక కనపడదు కాబట్టి తెలుసుకునే పోవాలి. ఈ కట్టడపు అందాన్ని మెచ్చుకునేవాళ్లు దీన్ని దాటేయొద్దు.

లోపలికి ప్రవేశం ఉచితం. మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి, తలుపు దగ్గర మనిషి ఉంటాడు, నెమ్మదిగానే చెప్తాడు. టోపీ తీయాలి. పూజ జరుగుతుంటే వెనక బల్లల దగ్గర ఆగాలి, కొంకణిలో పూజ అర్థం కాకపోయినా నిలబడే వేళకు నిలబడటం మర్యాద.

గడప దాటగానే పక్క గదిలో జ్ఞానస్నాన తొట్టి ఉంది. 1532 నాటిది, అంటే ఈ కట్టడం కంటే ముప్పై ఏండ్లు పెద్దది. పునీత ఫ్రాన్సిస్ శౌరివారు (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) దీనిలోనే జ్ఞానస్నానాలిచ్చారని నమ్మకం. తర్వాత నిలబడాల్సిన చోటు నడిమి హాలు మొదట్లో, సరిగ్గా మధ్యన. తల పైకెత్తితే కప్పు పీపాను నిలువుగా కోసి బోర్లించినట్టుంటుంది. పీఠం ముందర, అడ్డ హాలు వచ్చి కలిసే చోట మాత్రం పద్ధతి మారి, పక్కటెముకల్లాంటి రాతి కమానులు అడ్డంగా పోతాయి. బయటి నుంచి చూస్తే పొడుగాటి డబ్బా, లోపల శిలువ ఆకారం. ఇక్కడే కట్టుబడి రహస్యం ఉంది. పీపా కప్పు బరువు కిందికి మాత్రమే దిగదు, రెండు పక్కల గోడల్ని బయటికి నెడుతుంది. ఆ నెట్టుడును ఆపాలంటే గోడకు బయటి నుంచి దాపు స్తంభాలు కట్టాలి, లేకపోతే లోపలి నుంచే అడ్డ గోడలు కట్టాలి. సేలో రెండో పద్ధతి పట్టారు. ఒక్కో పక్క అడ్డగోడల నడుమ నాలుగేసి గదులు మిగిలాయి, వాటినే చిన్న ప్రార్థన గుళ్లుగా మార్చారు. దాపు కోసం కట్టిన గోడలు భక్తికి గది ఇచ్చాయి. ఈ ఒక్క ఏర్పాటు చూడటానికే ఇంత దూరం రావచ్చు.

ఆ గుళ్లలో రెండింటికి ముందర చెక్క జాలీ ఉంది. ఒకటి దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరమని నమ్మే అప్పం, ఉంచే గుడి. అక్కడ మాట, ఫోటో రెండూ వద్దు, మోకాళ్ల మీద ఉన్నవాళ్ల వెనక నుంచి నడవాలి. ఇంకోటి అద్భుత శిలువది. ఒక గుట్ట మీద 1619లో దర్శనం కనిపించిన శిలువను తర్వాత ఇక్కడికి తెచ్చారు. అది పెరుగుతోందని జనం నమ్మకం, చెక్క తాకడానికి వరుసలో నిలబడతారు. వరుసలో మన ముందున్న కొంకణి ముసలమ్మ చేతి రుమాలు అద్ది కండ్లకు ఒత్తుకుంది. మన దగ్గర దర్గా చాదరును అద్దుకున్న తీరే.

పెద్ద పీఠం వెనక బంగారు పూత చెక్క పని అంతస్తులు అంతస్తులుగా లేస్తుంది. కతెరినమ్మ కథ ఆరు పలకల్లో చెక్కి ఉంటుంది, చివర ఆమె శిరచ్ఛేదం. మొదట కింద నిలబడి చూసి, తర్వాత పక్క నడవ చివరికి పోయి వారగా చూడాలి. ముందు నుంచి చూస్తే అంతా బంగారు మెరుపే, పక్క నుంచి చూస్తేనే చెక్కుడు లోతు తెలుస్తుంది. బయట తస్కన్ నిరాడంబరం, లోపల కొరింథియన్ ఆకుల స్తంభశిరాలు, ఇక్కడ ఈ బంగారం. మూడూ ఒకే కట్టడంలో ఇమిడాయంటే కట్టినవాళ్లలో తొందర లేదని అర్థం.

ఇప్పుడు గోడ. దేవాలయం పక్కన గరిక మీది నుంచి ఉత్తరం గోడ వెంట నడిస్తే, అడుగున ఒకటి రెండు చోట్ల గిలాబు రాలి లోపలి రాయి కనపడుతుంది. అదే ఎర్రటి లాటరైట్. పైన కనిపించే తెల్లదనమంతా సున్నపు గచ్చు. అలంకారం అనుకుంటే పొరపాటు, అది గొడుగు. లాటరైట్ బొక్కల్లో మెత్తటి తెల్లమట్టి ఉంటుంది. వాన నేరుగా కొడితే ఆ మట్టి కడుక్కుపోయి బొక్కలు పెద్దవవుతాయి, నీళ్లు లోపల నిలుస్తాయి, పాచి పడుతుంది, పాచి మీద మర్రి, రావి విత్తనం మొలుస్తుంది. గోవాలో నాలుగు నెలలు ఎడతెగని వాన. ఈ రాయిని బట్ట లేకుండా నిలబెడితే బతకదు.

గచ్చులోనూ ఏ గచ్చయినా పనికిరాదు. మన దగ్గర డంగు సున్నం చేసే పద్ధతి తెలిసిన పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. కాల్చిన సున్నపు రాళ్లను గుంతలో నీళ్లు పోసి చల్లార్చి వారాల తరబడి మగ్గనివ్వాలి. పైన ఎప్పుడూ నాలుగు వేళ్ల మందం నీళ్లుండాలి, ఎండితే సున్నం చచ్చిపోతుంది. వడకట్టిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక రెండు మూడు పాళ్లు వేసి గానుగలో నున్నగా వచ్చేదాకా తిప్పాలి. నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. గోవాలో సున్నపు రాయికి బదులు సముద్రపు గుల్లలు కాలుస్తారు, మిగతా వరుస ఇంచుమించు ఇదే. గోడను ముందు రోజే తడపాలి. పొడి లాటరైట్ మీద గచ్చు వేస్తే రాయి నీళ్లన్నీ తాగేసి పూత పొడిపొడిగా రాలుతుంది. ఒక్కసారే మందంగా వేయకుండా పలచగా రెండు మూడు పూతలు వేయాలి, ఒక్కోటీ ఎండలో పడకుండా తడి గోనెలు కప్పాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిలా మారుతుంది, దానికి నెలలు పడుతుంది.

సిమెంటు వేస్తే ఏమవుతుంది? పని ఒక్క రోజులో ఐపోతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ సిమెంటు పొర గాలాడనివ్వదు. నేలలోంచి ఎక్కిన తడి, కప్పు నుంచి దిగిన తడి లోపలే చిక్కి, ఉప్పు పేరుకుని, మూడు నాలుగు వానల్లో పొర మొత్తం రాతి ముఖాన్ని తీసుకుని ఊడిపడుతుంది. ఇది పాత గోవా సంగతే కాదు. మన ఊళ్లలో పాత బురుజులకు, గుళ్ల గోపురాలకు సిమెంటు పూసి పైన రంగు వేసే ప్రతి చోటా ఇదే జరుగుతోంది.

మధ్యాహ్నం భోజనం రోడ్డు పక్క చిన్న హోటల్లో. చేప తాళి రెండు వందల లోపు. ఉప్పుడు బియ్యం అన్నం, కొబ్బరి వేసిన పసుపు రంగు పులుసు, వేయించిన చేప ముక్క, కోకం వేసిన గులాబి రంగు సోల్ కడి. కారం మనకు చాలదు, తొక్కు డబ్బా బయటికి తీస్తే హోటలామె కూడా వేలితో రుచి చూసి, నీళ్లు తాగి, మళ్లీ ఇంకొంచెం అడిగింది.

శుక్రవారం: బట్ట విప్పిన గోడ, కూలిన కప్పు

పొద్దున ఆరింటికి పణజి వీధిలో సైకిలు హారను వినపడితే రొట్టెలాయన వచ్చినట్టు. వాళ్లు పొదేర్ అంటారు. గోధుమ పొట్టు అద్దిన పొయి అనే రొట్టె వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లబడితే సాగుతుంది. టీలో ముంచి తినడం అక్కడి అలవాటు.

ముందు బోం జీసస్ బాసిలికా. సే నుంచి రోడ్డు దాటితే చాలు. ఇది పడమర ముఖం, కాబట్టి సాయంత్రం ఎండలో చూడటం మేలు, కానీ జనం తక్కువుండేది పొద్దున. 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠ అయింది. యేసు సభ (జెసూయిట్ గురువుల సంఘం) వాళ్లది. శౌరివారు 1552లో చైనా తీరం దగ్గరి దీవిలో కన్నుమూశారు, ఆయన భౌతికకాయం 1554లో గోవా చేరింది. ఇప్పుడు వెండి పేటికలో ఇక్కడుంది. కింది పాలరాతి సమాధి తస్కనీ ప్రభువు మూడవ కోసిమో ఇచ్చినది. ఫ్లారెన్సు శిల్పి ఫోజ్జీని పదేండ్లు చెక్కాడు, 1698లో ఇక్కడ నిలిపారు. పదేండ్లకోసారి పేటికను ఊరేగింపుగా సేకు తీసుకుపోతారు, కిందటిసారి 2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 దాకా. ఆ రోజుల్లో కట్టడం చూడటం కుదరదు, జనాన్ని చూడటమే.

కట్టడం తెలిసినవాళ్లకు బోం జీసస్ మనసు కలతపెట్టే చోటు. ఎర్రగా, పాతగా ఉంది కదా, ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకుంటారు. ఆ ఎరుపు కట్టినవాళ్లు ఉద్దేశించినది కాదు. 1950ల దాకా ఇది కూడా సే లాగా తెల్లగానే ఉండేది. పాతదనం కనపడాలని అప్పట్లో సున్నపు గిలాబు అంతా గీకించేశారు. అప్పటి నుంచి వాన నేరుగా రాయి మీద పడుతోంది. దగ్గరికి పోయి చూస్తే రాళ్ల అంచులు గుండ్రబడ్డాయి, కొన్ని చోట్ల వేలు దూరేంత బొక్కలు, ఉత్తరం గోడ మీద నల్లటి పాచి. ముఖం మీద చెక్కుడు పని చేసిన నల్లరాయి మాత్రం చెక్కు చెదరలేదు. అది బసాల్టు, ఉత్తరాన వసై నుంచి ఓడల మీద తెచ్చారు. లాటరైట్ మీద సన్నటి చెక్కుడు నిలవదని వాళ్లకు తెలుసు, అందుకే పువ్వులకూ అక్షరాలకూ వేరే రాయి వాడారు. గిలాబు ఎందుకేశారో అంత తెలిసినవాళ్ల ఉద్దేశాన్ని అర్థం చేసుకోకుండా గీకేయడం బాధాకరం. మళ్లీ గచ్చు వేయాలి. ఎర్రటి గోడకు అలవాటుపడ్డ కండ్లు ఒప్పుకోకపోయినా వేయాలి.

బయట కొవ్వొత్తులు, మైనంతో చేసిన చేతులు, కాళ్లు అమ్ముతారు. జబ్బు చేసిన అవయవం ఆకారాన్ని మొక్కుగా ఇస్తారు. ధర అడిగి తీసుకోవాలి, చేతిలో పెట్టాక అడిగితే ఎక్కువ చెప్తారు. పక్కనే ఖాజె అనే తీపి: శనగపిండి కాడలకు బెల్లం, అల్లం పాకం పట్టినది. పావుకిలో పొట్లం దారిలో తినడానికి బాగుంటుంది.

పునీత అగస్టీను గుట్టకు పోతూ మళ్లీ దారి తప్పింది. ఎక్కుడు దారిలో ముందుకే పోతే రోజరీ మాత గుడి దగ్గరికి చేరతారు. దాని గోడ మీద తాడు పేనినట్టు చెక్కిన పట్టీ చూసి వెనక్కి రావచ్చు, నష్టం లేదు. అగస్టీను శిథిలాలకు ఎడమ పక్క మలుపు తిరగాలి.

అక్కడ మిగిలింది సగం బురుజు, 46 మీటర్లు. 1602లో కట్టిన మహా దేవాలయం ఇది. 1835లో మఠాలను మూసేసినప్పుడు సన్యాసులు వెళ్లిపోయారు. కప్పు మీద గడ్డి పీకేవాళ్లు లేరు, పగులుకు సున్నం కూరేవాళ్లు లేరు. ఏడేండ్లకే, 1842లో, కమాను కప్పు కూలింది. కప్పు పోతే గోడలకు ఒకదాన్నొకటి పట్టే ఆధారం పోయింది. 1931లో ముఖభాగం, బురుజులో సగం పడిపోయాయి. నిలువునా చీరిన బురుజు కోతలో లోపలి కట్టుబడి పుస్తకం విప్పినట్టు కనపడుతుంది: రాళ్ల వరుసలు, వాటి మధ్య సున్నం, ఒక్కో అంతస్తుకు కమాను మొదలు. కట్టుబడి పని నేర్చుకునే పిల్లలను సే కంటే ముందు ఇక్కడికి తేవాలి. ఇక్కడి పెద్ద గంట పణజిలోని నిష్కళంక మాత గుడికి చేరింది, జిగ్‌జాగ్ మెట్ల పైన ఇప్పటికీ వేలాడుతోంది. సాయంత్రం దాన్ని చూడటానికే ఆ మెట్లెక్కాలి.

ఆ మెట్ల వెనక వీధిలో ఒక ఇంటి మరమ్మతు జరుగుతోంది. పరంజా మీది నుంచి తెలుగు మాట వినపడింది. "ఏ ఊరన్నా మీది?" అని అడిగితే, పైనున్న పెద్ద మేస్త్రీ కిందికి వంగి, "కోస్గి దిక్కు సార్. మీరు యాడికెళ్లి వచ్చిండ్రు?" అన్నాడు. పాలమూరు అనగానే పని ఆపి టీ తెప్పించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. పాత ఇంటి కిటికీల్లో అద్దానికి బదులు పలచటి ఆల్చిప్ప పలకలు బిగించి ఉన్నాయి, వెలుతురును పాలలా వడగడతాయి. వాటిని విరగకుండా తీసి పెట్టడమే ఆ రోజు పని. లాటరైట్ గురించి అడిగితే ఆయన చెప్పింది ఇది: "ఈ రాయిని కోసినంక ఒక వానకన్న ఇడిసిపెట్టాలె సార్. పచ్చి రాయి వెంటనే కడితే బరువుకు అంచులు నలుగుతయ్. పొరలు ఎట్ల పండుకున్నయో అట్లనే పెట్టాలె, నిలువుగ పెట్టొద్దు." సిమెంటు మాట ఎత్తితే, "ఓనర్లు అదే అడుగుతరు. మూడేండ్లకు మల్ల మమ్ముల్నే పిలుస్తరు," అన్నాడు.

శనివారం: పగటి ఘాట్

తిరుగు రైలు పొద్దున. వచ్చేటప్పుడు చీకట్లో దాటిన కనుమలు ఇప్పుడు పగటి వేళ వస్తాయి. కుళెం దాటాక కిటికీ పక్క చేరితే దూద్‌సాగర్, 310 మీటర్ల ఎత్తు నుంచి. అక్టోబరు చివరన నీళ్లు ఇంకా నిండుగా ఉన్నాయి. గట్ల కోతల్లో రైలు పక్కనే ఎర్ర లాటరైట్ పొర, ఎక్కేకొద్దీ అది పలచబడి కింద నల్లరాయి తేలుతుంది. ధార్వాడలో పేడా, ఇంట్లో పెద్దవాళ్లకు రెండు డబ్బాలు.

మనిషికి ఖర్చు, రెండు రాత్రుల గదితో, తిండితో, బస్సులతో కలిపి, స్లీపరు రైలు టికెట్లు కాకుండా మూడున్నర వేలు దాటలేదు. సే, బోం జీసస్ రెండింటికీ టికెట్టు లేదు, అందుకే హుండీలో వేయగలిగినంత వేయాలి. నది దాటి దీవారు దీవికి పోయే పడవ నడిచిపోయేవాళ్లకు ఉచితం, గంట సమయం మిగిలితే అటు పోయి నీళ్ల మీది నుంచి సే బురుజును చూడండి.

ఆదివారం: అలంపురం

ఇంటికి చేరిన రోజే అలంపురం పోవడం ముందే అనుకున్నది. బాదామి చాళుక్యుల ఏడు, ఎనిమిది శతాబ్దాల నవబ్రహ్మ ఆలయాలు. ఇక్కడ గిలాబు లేదు. ఇసుకరాయిని ఒకదాని మీద ఒకటి కూర్చి, బరువుతోనే నిలబెట్టారు. కమాను లేదు కాబట్టి గోడల్ని పక్కకు నెట్టే బలమూ లేదు, దాపు గోడలూ అక్కర్లేదు. శ్రీశైలం జలాశయం కింద మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్లీ పేర్చగలిగారంటే కారణం అదే. పేర్చిన గుడి కాబట్టి విప్పడానికి వీలైంది.

సేను అట్లా విప్పలేరు. రాయి, సున్నం, కమాను ఒకే ముద్దగా అతుక్కున్నాయి. ఉన్నచోటే, ఏటేటా తొలకరికి ముందు కప్పు మీద గడ్డి పీకి, గచ్చు పగుళ్లు పూడ్చి, సున్నం వేస్తూ పోవాలి. సంగమేశ్వరం గోడ మీద మధ్యాహ్నం ఎండలో రాళ్ల నడుమ సన్నటి గీతలు కనపడుతున్నాయి. వాటి మధ్యన బ్లేడు కూడా దూరదు. ఒక మూలన మాత్రం ఈమధ్య ఎవరో సిమెంటు కూరారు, దాని చుట్టూ రాయి అప్పుడే తెల్లగా ఉప్పు పట్టింది.